ప్రశ్న ఉత్పన్నం కాదు

"ఎల్లేక్యూ వచ్చింది" అన్న మాట వినబడితే మా ఆఫీసులో టీ తాగుతున్నవాడు గ్లాసు బల్ల మీద పెట్టేసేవాడు. సెలవు చీటీ రాసుకుంటున్నవాడు దాన్ని మడిచి జేబులో దోపుకునేవాడు. ఎల్లేక్యూ అంటే మరేం కాదు, శాసనసభ ప్రశ్న. ఎవరో ఒక సభ్యుడు హైదరాబాద్‌లో కూర్చుని పేదల ఇళ్ల గురించి ఓ ప్రశ్న వేస్తాడు. అది అసెంబ్లీ కార్యాలయం నుంచి సచివాలయానికి, అక్కణ్నుంచి పెద్దాఫీసుకి, పెద్దాఫీసు నుంచి జిల్లాకి దిగి, సాయంత్రం అయిదున్నరకి ఫ్యాక్సు మిషన్లోంచి వేడివేడిగా బయటికొచ్చేది. "రేపు ఉదయం పది గంటలలోగా పంపవలెను" అని అడుగున ఉండేది. అంతే, ఆ రాత్రికి ఇంటికి పోవడం లేదన్నమాట.

పేదల ఇళ్లకు సంబంధించిన ఓ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. అది ఏ జిల్లా, ఏ మండలం అనేది రాయను. నాతో పనిచేసినవాళ్లు కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు. చెప్పబోయేది వాళ్ల తప్పు కాదు, నాది.

శాసనసభ ప్రశ్నకి ఒక భాష ఉంటుంది. "మంత్రిగారు దయతో ఈ క్రింది విషయములు తెలియజేయుదురా?" అని మొదలవుతుంది. తర్వాత (అ), (ఆ), (ఇ) అని ముక్కలు. (అ) ఫలానా మండలంలో ఇళ్లు అసంపూర్తిగా ఉన్న మాట వాస్తవమేనా? (ఆ) అయినచో, ఎన్ని? (ఇ) అందుకు కారణములేమి? వీటికి జవాబు రాయడం ఒక విద్య. మొదట్లో నాకు రాలేదు. మా సీనియర్ ఒకాయన, పాపం ఇప్పుడు లేరు, నేర్పారు. "చూడవయ్యా, (అ) దగ్గరే తేల్చెయ్యాలి. అక్కడ 'లేదండీ' అని రాయగలిగితే, (ఆ), (ఇ) ఎదురుగా 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని రాసి హాయిగా ఇంటికి పోవచ్చు" అనేవారు. ఆయన అబద్ధం రాయమని ఎప్పుడూ చెప్పలేదు. ప్రశ్నలోని మాటల్ని బాగా చదవమనేవారు. "అసంపూర్తి" అని అడిగితే మన లెక్కల్లో అసంపూర్తి అంటే ఏమిటో చూడాలి. "నిర్మించిన" అని అడిగితే నిర్మించడమంటే ఏమిటో చూడాలి. అడిగినాయన మనసులో ఉన్న ఇల్లు వేరు, మా రిజిస్టర్లో ఉన్న ఇల్లు వేరు. ఆ రెండింటి మధ్యా ఉన్న సందులోనే మా ఉద్యోగమంతా నడిచేది.

చట్టసభల్లో ప్రశ్నలు రెండు రకాలు. నక్షత్రం గుర్తున్నదానికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. సభ్యులు దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్రం లేనిదానికి కాగితం మీద జవాబిస్తే సరిపోతుంది, ఎదురు ప్రశ్న ఉండదు. లోక్‌సభలో రోజుకి నక్షత్రం ప్రశ్నలు 20, నక్షత్రం లేనివి 230 దాకా జాబితాలోకి ఎక్కుతాయి. ప్రశ్నోత్తరాల గంటలో ఆ ఇరవైలో నాలుగైదు నోటిదాకా వస్తే గొప్ప. మిగతావన్నీ కాగితాలే. పేదవాడి ఇంటి గురించిన నిజం చాలాసార్లు ఆ కాగితాల్లోనే, అనుబంధం-1, అనుబంధం-2 అనే పట్టికల్లో పడుకుని ఉంటుంది. ఆ పట్టికలు తయారుచేసే చేతుల్లో ఒక చెయ్యి నాది.

అంతకుముందు నేను ఊళ్లు తిరిగేవాణ్ని. 2006లో ఇందిరమ్మ పథకం మొదలైన రోజులు. ఏటా మూడో వంతు ఊళ్ల చొప్పున మూడేళ్లలో అన్ని ఊళ్లనీ పూర్తి చేసెయ్యాలని ప్రభుత్వం పెట్టుకుంది. ఇల్లు లేనివాళ్లందరికీ ఇల్లు. చెప్పడానికి చిన్న మాటే. మండలంలో ఒకేసారి వందల ఇళ్లకి ముగ్గు పోస్తే మేస్త్రీ దొరకడు, ఇసుక దొరకదు, ఇటుక ధర ఆకాశంలో ఉంటుంది. నా పని సైకిల్ మోటారు మీద తిరిగి, ఏ ఇల్లు ఏ దశలో ఉందో చూసి రాసుకురావడం. పునాది లేచిందా, దర్వాజా పైదాకా గోడలొచ్చాయా, స్లాబు పడిందా, పూర్తయిందా. ఒక్కో దశకి ఒక్కో విడత డబ్బు, కొన్ని బస్తాల సిమెంటు. నేను టిక్కు పెడితే డబ్బు కదులుతుంది. పెట్టకపోతే ఆగుతుంది. ఊళ్లోకి నా బండి శబ్దం వస్తే ఆడవాళ్లు చెంగులు సర్దుకుంటూ బయటికొచ్చేవాళ్లు. ఆ గౌరవం నాకు బాగానే ఉండేదని ఒప్పుకోవాలి.

కేంద్రం ఇచ్చే ఇందిరా ఆవాస్ యోజన సొమ్ము అప్పట్లో ఇంటికి 25 వేలు. 2008లో 35 వేలయింది, 2010లో 45 వేలు, 2013లో 70 వేలు. ఇవి మైదాన ప్రాంతాల లెక్కలు. పేరులో సాయం అనే ఉంది కానీ ఇల్లు కట్టించడం అని లేదు. ఆ తేడా ఢిల్లీలో ఉన్నవాళ్లకి తెలుసు, మాకు తెలుసు, కట్టుకునేవాళ్లకి మాత్రం స్లాబు దగ్గరికొచ్చాకే తెలిసేది.

మా మండలంలో ఒక ఊళ్లో ఒక అవ్వ ఉండేది. భర్త లేడు. కొడుకు బొంబాయి పోయి అక్కడే పోయాడు. కోడలు మళ్లీ పెళ్లి చేసుకుని వెళ్లిపోతే, నాలుగేళ్ల మనవడు అవ్వ దగ్గర మిగిలాడు. అంతకుముందు ఆమెది తాటాకుల గుడిసె. జాబితాలో పేరొచ్చినప్పుడు గుడిసె పీకేసి ఆ స్థలంలోనే ముగ్గు పోయించుకుంది. నాట్లకి పోయి వచ్చిన కూలి ఇటుకలకి పోసింది. స్లాబుకి చెవుల కమ్మలు కుదువపెట్టింది. స్లాబు పోసిన రోజు నేను అక్కడే ఉన్నాను. కూలీలందరికీ బెల్లం నీళ్లు పోసింది. నా చేతిలో రెండు అరటిపళ్లు పెట్టి, "సారూ, మా పిలగాడు ఇగ తడువడు" అంది.

స్లాబు పడ్డాక డబ్బు అయిపోయింది. తలుపు లేదు, కిటికీలు లేవు, గచ్చు లేదు, గోడలకి పూత లేదు. మరుగుదొడ్డికి గుంత తవ్వి వదిలేసింది. చివరి విడత వస్తే తలుపన్నా పెట్టించుకుంటాననేది. నేను మాత్రం ఏం చేస్తాను, పూర్తయితే గానీ చివరి విడత రాదు. తలుపు పెడితేనే డబ్బు, డబ్బొస్తేనే తలుపు. ఈ చిక్కుముడి ఆమె ఒక్కదానిదే కాదు, ఊరూరా ఉండేది.

అలా ఉండగా మార్చి వచ్చింది. మార్చి నెల గురించి సర్కారు కొలువు చేసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. లక్ష్యం ఇంత, సాధించింది ఇంత, ఎందుకు తగ్గింది అని రోజూ ఫోను. చివరివారంలో పైనుంచి ఒక మాట వచ్చింది. కాగితం మీద కాదు, నోటి మాట. స్లాబు పడ్డవన్నీ పూర్తి కింద ఎక్కించెయ్యండి, చిన్నాచితకా పనులు వాళ్లే చేసుకుంటారు. వినగానే నాకు సబబుగానే తోచింది. అవ్వకి చివరి విడత డబ్బు వచ్చేస్తుంది కదా! ఒక రాత్రి కూర్చుని ఎన్నో పేర్ల ఎదురుగా టిక్కులు పెట్టాను. అవ్వ పేరు దగ్గర పెట్టినప్పుడు మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను.

ఆ డబ్బు వచ్చింది. కమ్మలు విడిపించడానికి కూడా చాలలేదు. వడ్డీకి పోయింది. తలుపు రాలేదు.

ఆ తర్వాత కంప్యూటర్ మీద పట్టికలు చేయడం వచ్చని నన్ను జిల్లా ఆఫీసుకి పిలిపించుకున్నారు. ఎల్లేక్యూలన్నీ నా బల్ల మీదికి రావడం అప్పట్నుంచే. ఒక సమావేశాల్లో మా జిల్లా ఇళ్ల మీద నక్షత్రం ప్రశ్న పడింది. ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి, పూర్తికానివి ఎప్పటికవుతాయి. మండలాలవారీ అంకెలు తెప్పించి పట్టిక చేశాను. నా పాత మండలం అంకె చూడగానే గుర్తుపట్టాను. అందులో నా టిక్కులున్నాయి. వాటిలో అవ్వ ఇల్లుంది. పట్టికలో అది ఇల్లు కాదు, పెద్ద కూడికలో ఒకటి.

సభ రోజు పొద్దున తొమ్మిది కాకముందే హైదరాబాద్ నుంచి ఫోను. సభలో అధికారులు కూర్చోవడానికి ఒక గ్యాలరీ ఉంటుంది. మంత్రి జవాబు చెబుతుంటే అక్కణ్నుంచి చీటీలు అందిస్తారు. అనుబంధ ప్రశ్నలకి ముందే ఒక నోట్ తయారుచేసి ఉంచుతాం, ఏ సభ్యుడు ఏమడుగుతాడో ఊహించి. ఆ నోట్ రాసేది మాలాంటివాళ్లమే. ఫోన్లో ఆయన అడిగాడు: "పూర్తయినవి అని ఇచ్చారు గదా, పూర్తి అంటే మన నిర్వచనం ఏంటి? ఎవరన్నా అడిగితే?"

నేను ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో నాకు తలుపులేని ఇల్లు కనబడింది. దర్వాజాకి అడ్డంగా కట్టిన పాత చీర కూడా కనబడింది. "స్లాబు పడితే పూర్తి కింద లెక్కిస్తున్నాం సార్" అన్నాను. "అట్లనే రాసుకుంటున్న" అని ఆయన పెట్టేశాడు.

అప్పట్లో అసెంబ్లీని టీవీలో చూపించేవాళ్లు. ఆఫీసులో అందరం నిలబడి చూశాం. అనుకున్నట్టే ఒక సభ్యుడు లేచాడు. కోపంగా ఏమీ అడగలేదు. తాను ఫలానా ఊళ్లకి పోయి చూశానని, ఇళ్లకి తలుపుల్లేవని, పశువులు లోపలికొస్తున్నాయని, అలాంటివి కూడా ఈ పూర్తయిన అంకెలో ఉన్నాయా అనీ అడిగాడు. ప్రభుత్వం తరఫున జవాబొచ్చింది. కప్పు పడిన ఇంటిని నిర్మాణం పూర్తయినట్టుగా పరిగణిస్తున్నామని, సభ్యుడు చెప్పిన విషయాన్ని పరిశీలిస్తామని. నా మాటే అది. నేను ఫోన్లో చెప్పిన మాట రాజధానిలో, సభలో, మైకులో వినబడింది. పక్కనున్నవాళ్లు నా భుజం తట్టారు. వాళ్లకి తెలియదు.

"పరిశీలిస్తాం" అనేది గాలికి పోయే మాట అనుకుంటారు చాలామంది. నియమాల ప్రకారం కాదు. సభలో మంత్రి ఆ మాటంటే అది హామీ కింద లెక్క. దాన్ని నెరవేర్చారా లేదా అని చూడ్డానికి ప్రభుత్వ హామీల సంఘం అని ఒకటుంటుంది. లోక్‌సభలో అలాంటి సంఘం 1953 నుంచీ ఉంది. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలని అక్కడ నిబంధన. మన సభలోనూ ఉంది. అందుకే కొన్నాళ్లకి మాకో కాగితం వచ్చింది, తలుపులూ కిటికీలూ లేని ఇళ్ల జాబితా పంపమని. నా ఉద్యోగ జీవితంలో వచ్చిన అత్యంత మంచి కాగితం అదేననిపిస్తుంది. ఎవరో ఒక సభ్యుడు ఊళ్లకి పోయి చూడబట్టి, సభలో నిలబడి అడగబట్టి, ఆ ప్రశ్న మళ్లీ మెట్లు దిగి నా బల్ల దాకా వచ్చింది. అవ్వ పేరు రాయడానికి నాకొక గడి దొరికింది.

నేను రాయలేదు. రాస్తే, "మరి పూర్తయిందని చివరి విడత ఎలా ఇచ్చారు?" అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న నాకొక్కడికే రాదు, నా పైవాళ్లకీ వస్తుంది. మండలాలన్నీ 'లేవు' అనో, చాలా చిన్న అంకెలో పంపాయి. నేనూ వాటినలాగే కూడి పంపాను. ఆ తర్వాత 2009లో ఎన్నికలొచ్చాయి. కొత్త సభ, కొత్త ప్రశ్నలు. ఆ కాగితం సంగతి మళ్లీ ఎవరూ అడగలేదు.

2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ల అక్రమాల మీద సీఐడీ విచారణకి ఆదేశించింది. అదే ఏడు కాగ్ కూడా ఇందిరా ఆవాస్ యోజన మీద దేశం మొత్తానికీ ఒక తనిఖీ నివేదిక పార్లమెంటుకిచ్చింది. 2008 నుంచి 2013 వరకు జరిగిన పని మీద. లబ్ధిదారుల ఎంపికలో లోపాలు, కట్టిన ఇళ్ల నాణ్యతని సరిగా తనిఖీ చేయకపోవడం అందులో ఉన్నాయి. పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. నేను పైసా తినలేదు. కట్టని ఇంటికి కట్టినట్టు రాసి డబ్బు మింగినవాళ్ల కోసం ఆ విచారణ. అయినా పోలీసు జీపు శబ్దం వింటే గుండె గుబుక్కుమనేది. నన్నెవరూ పిలవలేదు. పిలిచి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

రిటైరయ్యాక నాకు పనేమీ లేక ఈ లెక్కల్నే చదువుతూ కూర్చోవడం అలవాటయింది. మా ఆవిడ నవ్వుతుంది, పింఛన్లూ భక్తీ చూసుకునే వయసులో ఇదేం పిచ్చని. కానీ ఒకటి చెప్పాలి. పేదల ఇళ్ల విషయంలో ఎప్పుడూ అయిదు అంకెలుంటాయి. స్థలం ఇచ్చినవి, మంజూరు చేసినవి, మొదలుపెట్టినవి, పూర్తిచేసినవి, మనుషులు కాపురముంటున్నవి. మొదటి అంకె చాలా పెద్దది. చివరిది చాలా చిన్నది. వేదిక మీద చెప్పేది ఎప్పుడూ మొదటి మూడింట్లో ఒకటి. 2020 డిసెంబర్ 25న ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైనప్పుడు 30 లక్షల పైచిలుకు అన్నారు. అవి స్థలాలు. కేంద్రం పీఎంఏవై గ్రామీణ్ కింద 2.95 కోట్ల ఇళ్లని 2024కల్లా అంది, ఆ ఏడు ఆగస్టులో ఇంకో 2 కోట్లు అంది. అవి లక్ష్యాలు. 2023 జూన్ 22న సంగారెడ్డి జిల్లా కొల్లూరులో ఒక్కచోటే 15,660 రెండు పడగ్గదుల ఇళ్లని ప్రారంభించారు. అవి మాత్రం కట్టినవే. ఒకసారి బస్సులో పోయి చూసొచ్చాను. 560 చదరపు అడుగుల ఇల్లు, లిఫ్టు, తలుపులు గట్టివి. నేను ముందుగా తలుపులే చూశాను. నగరంలో ఇళ్లల్లో పనిచేసుకునే ఆడమనిషికి అంతదూరం నుంచి రోజూ రావడమెలా అనే ప్రశ్న తర్వాత తోచింది. ఆ ప్రశ్నకి పట్టికలో గడి ఉండదు.

ఇన్నేళ్లలో నా బల్ల మీదికొచ్చిన ప్రశ్నల్లో "ఎన్నింట్లో మనుషులు ఉంటున్నారు?" అని అడిగింది ఒక్కటీ గుర్తులేదు. అది అడిగితే మేం తప్పించుకోవడానికి సందుండేది కాదు. ఊరికి పోయి లెక్కపెట్టి రావాల్సిందే. సభ్యుల్ని తప్పుపట్టడం లేదు. ఒక్కో సభ్యుడికి వంద పనులు, ప్రశ్న రాసిపెట్టేవాళ్లు కూడా ఉండరు. ప్రశ్నోత్తరాల గంట గొడవల్లో కొట్టుకుపోయిన రోజులు నేనెన్నో చూశాను. అలాంటి రోజు మా ఆఫీసులో పండగే. రాత్రంతా చేసిన పట్టిక వృథా అయిందని బాధపడేవాళ్లెవరూ ఉండరు.

పార్లమెంటులో నయం. 1993 నుంచి శాఖలవారీగా స్థాయీ సంఘాలు పెట్టారు. మొదట 17, 2004 నుంచి 24. ఒక్కోదాంట్లో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. అక్కడ కెమెరాల్లేవు, అరుపుల్లేవు. కార్యదర్శుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పద్దు పద్దు అడుగుతారు. గ్రామీణాభివృద్ధి సంఘం నివేదికలు కొన్ని తెప్పించుకుని చదివాను. 2016 నుంచి మైదానంలో ఇంటికి 1.20 లక్షలే ఇస్తున్నారు, సిమెంటూ ఇనుమూ ఇసుకా ధరలు ఎక్కడున్నాయో చూడండి, పెంచండి అని సంఘం మళ్లీమళ్లీ రాసింది. చదువుతుంటే అవ్వ కుదువపెట్టిన కమ్మలు గుర్తొచ్చాయి. సంఘం చెప్పిందల్లా ప్రభుత్వం చేసి తీరాలని లేదు. ఏం చేసిందీ, ఎందుకు చేయలేదూ మాత్రం తిరిగి చెప్పాలి. ఆ పాటి సంజాయిషీ అడిగే చోటు ఒకటుండటం నాకు చిన్న విషయంగా కనిపించదు. మా మీద అలాంటిదుంటే ఆ మార్చి రాత్రి నేను అన్ని టిక్కులు పెట్టేవాణ్ని కాదేమో. ఏమో, పెట్టేవాణ్నేమో కూడా.

కిందటి ఏడు, అంటే 2025 వేసవిలో, ఒక కుర్రాడు మా ఇంటి గేటు దగ్గర నిలబడ్డాడు. గడ్డం, మెడలో ఇయర్‌ఫోన్ తీగ. "సార్, మీరు ఇంటింటికి తిరిగిన సారే గద. నేను అవ్వ మనుమణ్ని" అన్నాడు. నాలుగేళ్లవాడు ఇరవై దాటాడు. తెలంగాణలో కొత్తగా ఇందిరమ్మ ఇళ్లు మొదలయ్యాయి కదా, 2024 మార్చిలో. సొంత స్థలముంటే నాలుగు విడతల్లో 5 లక్షలు. ఆ ఏడు చివర్లో ఇంటింటికీ వచ్చి ఫోన్లో ఫోటోలు తీసుకుని సర్వే చేశారు. ఇతని పేరు రాలేదు. ఎందుకని అడిగితే, ఆ ఇంటి నంబరు మీద పాత లబ్ధిదారు పేరుంది, ఇల్లు పూర్తయినట్టుంది అన్నారట. "ఎవ్వరు రాసిన్రు సార్ అది? మా ఇల్లు ఎన్నడు పూర్తయింది?" అన్నాడు. తిట్టడానికి రాలేదు, నిజంగానే తెలుసుకుందామని వచ్చాడు. పాత సారుకి తెలుస్తుందని అవ్వే పంపిందట.

మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి నా మొహం చూసి లోపలికి పోయింది.

మర్నాడు ఆ ఊరికి పోయాను. రోడ్డు సిమెంటు రోడ్డయింది. ఇల్లు అక్కడే ఉంది. స్లాబు అడుగున ఇనుప చువ్వలు తుప్పుపట్టి బయటపడ్డాయి, ఒక మూల పెచ్చు ఊడింది. వానాకాలంలో కారుతుందట. దర్వాజాకి రేకు తలుపు ఉంది. మనవడు కూలికి పోయి రెండేళ్ల కింద పెట్టించాడు. కిటికీలకి ఇంకా సిమెంటు సంచులే. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. బాగా చిన్నదైపోయింది. నన్ను గుర్తుపట్టి, "ఏం బిడ్డా, ముసలోనివైతివి" అని నవ్వింది.

చెప్పాను. ఆ రాత్రి టిక్కు పెట్టింది నేనేనని, డబ్బు వస్తుందనుకుని పెట్టానని, తర్వాత సరిచేసే అవకాశమొచ్చినా చేయలేదని. ఎల్లేక్యూ, హామీల సంఘం అన్నీ చెప్పబోతే అవి ఆమెకి పట్టలేదు. "అంటే పట్నంల పెద్ద సారోళ్లు మా ఇంటి ముచ్చట మాట్లాడిన్రా?" అని అడిగింది. మాట్లాడారన్నాను. "మరి తలుపు లేదని ఎవ్వరు చెప్పలేదా?" అంది. ఒకాయన చెప్పాడన్నాను. "మంచోడు" అంది.

ఇంటికొచ్చి అర్జీ రాయడానికి కూర్చున్నాను. "ఇన్నేండ్ల తర్వాత ఇదెందుకు తలకెత్తుకుంటరు? రేపు కేసంటే ఎవరు తిరుగుతరు?" అంది మా ఆవిడ. నాకూ భయంగానే ఉంది. అయినా రాశాను. ఆఫీసు తెలుగులోనే వచ్చింది, వేరే తెలుగు చేతికి రాదు. "సదరు గృహము పూర్తి అయినట్లు నమోదు చేసినది నేనే. ఆ తేదీ నాటికి సదరు గృహమునకు తలుపు, గచ్చు, మరుగుదొడ్డి లేవు. అట్టి నమోదు వాస్తవము కాదు." కింద నా పేరు, పాత హోదా, సంతకం.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి ముగ్గురం పోయాం. అవ్వని మనవడు ఆటోలో తీసుకొచ్చాడు. లైను పెద్దదే. అర్జీలు తీసుకునే అమ్మాయి కాగితం చదివి, నా వైపు చూసి, గొంతు తగ్గించి, "సార్, ఇట్ల రాస్తే మీకే ఇబ్బంది గద. ఇల్లు శిథిలమైంది, సాయం చేయండి అని రాసుకరాండి, అయిపోతది" అంది. మంచి పిల్ల. మా సీనియర్ ఉంటే ఆయనా అదే చెప్పేవారు.

"ఏం రాసినవ్ బిడ్డా, చదువు" అంది అవ్వ వెనకనుంచి.

అక్కడే నిలబడి చదివాను. వెనకున్నవాళ్లు కూడా విన్నారు. సదరు అన్న మాట దగ్గర ఆగి మామూలు మాటల్లో చెప్పాను. ఆమె జాగ్రత్తగా వింది.

"తలుపు రాసినవ్. దొడ్డి రాసినవ్" అంది. "కిటికీలు లేవని రాయలే. అవి గూడ రాయి."

ఆ అమ్మాయి దగ్గర పెన్ను తీసుకుని, తలుపు అన్న మాట పక్కన చిన్నగా 'కిటికీలు' అని రాసి, దాని కింద పొడి సంతకం పెట్టాను.